వందకి ముందురోజు

2024 నవంబర్ 30న మూడు జతల సాక్సులు వేసుకుని వెర్మాంట్‌లో కిల్లింగ్టన్ కొండ కింద నిలబడ్డాను. ఒక పక్క పదకొండేళ్ళ మా అమ్మాయి, ఇంకో పక్క థాంక్స్‌గివింగ్ సెలవులకి న్యూజెర్సీ నుంచి వచ్చిన మా తోడల్లుడు. మేముండే నాషువా నుంచి అక్కడికి రెండు గంటల పైన దారి. "కొండ దిగేవాళ్ళని చూడ్డానికి ఇంత దూరమా అన్నయ్యా?" అని అతను దారిపొడుగునా సణుగుతూనే ఉన్నాడు. తీరా వెళ్ళాక అక్కడ వేలమంది జనం, సగంమంది చేతుల్లో ఆవుల మెడలో కట్టే గంటలు. ఆ మోత వినగానే "ఇదేదో మన ఊరి తీర్థంలా ఉందే" అని కాస్త మెత్తబడ్డాడు.

జనం వచ్చింది ముఖ్యంగా ఒక్క మనిషి కోసం. అమెరికా స్కీయింగ్ క్రీడాకారిణి మికేలా షిఫ్రిన్ అప్పటికి 99 వరల్డ్ కప్ రేసులు గెలిచింది. ఆ కొండ మీద స్లాలం, అంటే పాతిన గేట్ల మధ్య మలుపులు తిరుగుతూ దిగే రేసు, అంతకుముందే ఆరుసార్లు గెలిచింది. తను చదువుకున్న బర్క్ మౌంటెన్ అకాడమీ కూడా అదే రాష్ట్రంలో ఉంది. ఆ రోజు జైంట్ స్లాలం, అంటే గేట్లు ఇంకా దూరం దూరంగా ఉండే రేసు. మొదటి రన్‌లో ఆమే ఫస్టు. వంద కొట్టడానికి ఇంతకన్నా మంచి చోటు ఎక్కడ దొరుకుతుంది?

ఈ ఆటలో నాకు బాగా నచ్చే రూల్ ఒకటుంది. రెండో రన్‌లో వరస తిరగబడుతుంది. మొదటి రన్‌లో 30వ స్థానంలో ఉన్నవాళ్ళు ముందు దిగుతారు, మొదటి స్థానంలో ఉన్నవాళ్ళు అందరికన్నా ఆఖర్న. అంటే వేగంగా దిగిన పాపానికి అందరికన్నా ఎక్కువసేపు పైన చలిలో కూర్చోవాలి, కింద ఎవరెవరు ఎంత టైంలో దిగారో వింటూ ఉండాలి, చివరికి 29 మంది గీరి గీరి గుంటలు చేసిన దారిలో దిగాలి. చూసేవాళ్ళకి టెన్షన్ పెంచడానికి పెట్టిన ఏర్పాటు ఇది. దిగేవాళ్ళ కడుపులో ఏమవుతుందో వాళ్ళకే తెలియాలి.

షిఫ్రిన్ దిగింది. చివరి వాలు మీదకి వచ్చింది, ఇక స్క్రీన్ అక్కర్లేదు, మామూలు కంటికే కనిపిస్తోంది. గంటల మోతలో పక్కవాడి మాట కూడా వినపడటం లేదు. స్కీ అంచు పట్టు తప్పింది. ఒక గేటుని గుద్దుకుంది, పల్టీ కొట్టింది, ఇంకో గేటుకి తగిలి, అంచున కట్టిన వలలోకి దూసుకెళ్ళి ఆగింది. కళ్ళు మూసి తెరిచేంతలో అంతా అయిపోయింది. గంటలన్నీ ఒక్కసారిగా ఆగిపోయాయి. అంతమంది మనుషులు అంత నిశ్శబ్దంగా ఉండగలరని నాకు అప్పటిదాకా తెలీదు. మా అమ్మాయి నా జాకెట్ పట్టుకుని వదల్లేదు. కాసేపటికి స్లెడ్డు మీద పడుకోబెట్టి కిందకి తీసుకొస్తుంటే, దుప్పట్ల మధ్య నుంచి ఒక చెయ్యి పైకి లేచి ఊగింది. అప్పుడు మళ్ళీ గంటలు మోగాయి. రేసు గెలిచింది స్వీడన్ అమ్మాయి సారా హెక్టర్. ఆ సంగతి మాకు చాలాసేపటికి గానీ గుర్తు రాలేదు.

తిరిగి వస్తుంటే కారులో మా తోడల్లుడు అన్నాడు: "పాపం కానీ అన్నయ్యా, ఎన్ని గెలిస్తే ఏం లాభం? మొన్న బీజింగ్ ఒలింపిక్స్‌లో తుస్సుమంది కదా."

ఈ వ్యాసం రాయడానికి ఆ ఒక్క ముక్కే కారణం. అప్పుడు వెనక సీట్లో మా అమ్మాయి నిద్రపోతోంది కాబట్టి గట్టిగా అరవలేకపోయాను.

అతన్ని అని లాభం లేదు. మనకి ఒలింపిక్స్ వచ్చినప్పుడే ఆటలు గుర్తొస్తాయి. మంచు మీది ఆటలైతే అప్పుడు కూడా రావు. అసలు ఆమెకి అప్పటికే రెండు ఒలింపిక్ బంగారు పతకాలు, ఒక రజతం ఉన్నాయని అతనికి తెలీదు. చెప్తే "అవునా" అన్నాడు. కానీ నా గొడవ ఆ లెక్క దగ్గర లేదు. ఒకవేళ ఆ మూడూ లేకపోయినా నేను ఇదే వాదన చేసేవాణ్ణి.

ముందు స్లాలం అంటే ఏంటో చెప్పాలి. కొండ మీద అటూ ఇటూ అరవై దాకా గేట్లు పాతుతారు. పేరుకి గేట్లే కానీ చూడ్డానికి ఎర్రవీ నీలివీ ప్లాస్టిక్ కర్రలు, తగిలితే వంగి మళ్ళీ లేస్తాయి. వాటి చుట్టూ తిరుగుతూ దిగాలి. చుట్టూ అంటే దూరంగా కాదు, ముళ్ళపొదలో దారి చేసుకున్నట్టు ముంజేత్తో, మోకాలి కింద కట్టుకున్న ప్యాడ్‌తో ఆ కర్రల్ని కొట్టుకుంటూనే పోవాలి. ఒక్కో రన్ సుమారు 50 సెకన్లు. రెండు రన్‌ల టైం కలిపి ఎవరిది తక్కువైతే వాళ్ళు గెలుస్తారు, తేడాలు సెకనులో వందో వంతుల్లో ఉంటాయి. ఒక్క గేటు తప్పినా, ఒక స్కీ కర్రకి అటు, ఇంకోటి ఇటు పోయినా పేరు పక్కన మూడు అక్షరాలు పడతాయి: DNF (పూర్తి చెయ్యలేదు) అనో, DSQ (అనర్హత) అనో. అంతవరకు దిగినదానికి సగం మార్కులు, పావు మార్కులు ఏమీ ఉండవు. ఇక కింద ఉండేది మన పాటల్లో హీరో హీరోయిన్లు దొర్లే మెత్తటి మంచు కాదు. నీళ్ళు కొట్టి గడ్డకట్టించిన నేల అది. బొటనవేలు మందం కూడా లేని ఉక్కు అంచు దానిలో ఎంత కొరికితే అంత పట్టు. నేను రెండేళ్ళ క్రితం మా ఊరి పక్క కొండ మీద అలాంటి పాచ్ ఒకటి తొక్కాను. పక్కటెముకలు ఆరు వారాలు గుర్తు చేశాయి.

ఇప్పుడు ఆ అమ్మాయి ఎలా తయారైందో చూద్దాం. నాకు అసలు కథ ఇక్కడే ఉంది.

1995లో కొలరాడోలో వేయిల్ అనే స్కీ పట్టణంలో పుట్టింది. తండ్రి జెఫ్ మత్తు డాక్టరు, తల్లి ఐలీన్ నర్సు, ఇద్దరూ స్కీయింగ్ పిచ్చి ఉన్నవాళ్ళే. పాపకి ఎనిమిదేళ్ళప్పుడు తండ్రి ఉద్యోగం వల్ల మా రాష్ట్రానికి, న్యూ హ్యాంప్‌షైర్‌కి వచ్చారు. లెబనాన్ అనే ఊళ్ళో స్టోర్స్ హిల్ అని ఒక కొండ ఉంది. కొండ అనడం కూడా మర్యాద కోసమే, మన దిక్కున గుట్ట అంటాం. మేము ఒకసారి పనిగట్టుకుని వెళ్ళి చూసొచ్చాం. వేయిల్ లాంటి చోటు వదిలి అలాంటి దాని మీదకి వస్తే ఏ తల్లిదండ్రులైనా పిల్ల భవిష్యత్తు పోయిందనుకుంటారు. నాకైతే జరిగింది దానికి సరిగ్గా వ్యతిరేకం అనిపిస్తుంది. చిన్న కొండకి ఒక సుఖం ఉంది. దిగడానికి నిమిషం పట్టదు, మళ్ళీ పైకెక్కడానికీ ఎక్కువసేపు పట్టదు. పెద్ద కొండ మీద పిల్లలు లిఫ్టులో కూర్చుని గడిపే టైమంతా ఇక్కడ మలుపులు తిప్పడానికే.

ఆ తల్లిదండ్రులు ఇంకో పని చేశారు. పిల్లని రేసులకి తక్కువ తిప్పారు, ప్రాక్టీసుకి ఎక్కువ పంపారు. మిగతా పిల్లలు ప్రతి వారాంతం ఏదో ఒక రేసుకి కారెక్కుతుంటే ఈ అమ్మాయి ఉన్నచోటే ఉండి డ్రిల్స్ చేసేది. లెక్క సులభం. రేసు రోజున పొద్దున్నే లేచి, గంటలు ప్రయాణం చేసి, వరసలో నిలబడి, రెండుసార్లు దిగి ఇంటికొస్తారు. రోజంతా కలిపితే స్కీల మీద ఉన్నది రెండు నిమిషాలు. అదే రోజు ఇంటి దగ్గర ఉంటే ఎన్ని వందల మలుపులు! తర్వాత బర్క్ అకాడమీలో కూడా అదే ధోరణి. బ్యాలెన్స్ కోసం ఒంటి చక్రం సైకిలు తొక్కడం కూడా నేర్చుకుంది. ఇవన్నీ చదువుతుంటే నాకు కొంచెం ఈర్ష్యగా ఉంటుంది, ఎందుకో చెప్తాను.

నేను ఇంటర్ చదివింది విజయవాడ దగ్గర ఒక రెసిడెన్షియల్ కాలేజీలో. పేరెందుకు, అప్పట్లో అన్నీ ఒకటే. ప్రతి వారం టెస్టు. సోమవారం పొద్దున మెస్సు పక్కన గోడకి ర్యాంకుల లిస్టు. ఇడ్లీ తినేముందు అందరం అక్కడికే పోయేవాళ్ళం, ఆ లిస్టుని బట్టి కొందరికి ఇడ్లీ దిగేది కాదు. నా రూమ్మేట్ ఒకడుండేవాడు, రెండేళ్ళలో ఆ లిస్టులో మొదటి అయిదు దాటి కిందకి వచ్చింది చాలా తక్కువ. ఎంసెట్ రోజున జ్వరం. నూట మూడు. మూడు గంటలు కూర్చుని వచ్చాడు. ఇవాళ వాడు మంచి ఉద్యోగంలోనే ఉన్నాడు, కానీ వాళ్ళ ఊళ్ళో పెళ్ళికెళ్తే ఇప్పటికీ ఎవరో ఒకరు "తెలివైనోడే కానీ ఎంసెట్‌లో పోయాడు" అంటారట. పాతికేళ్ళయింది.

తమాషా ఏంటంటే, మేం రాసిన ఆ వారం వారం టెస్టుల్లో మేం నేర్చుకున్నది టెస్టు రాయడమే. పాఠం నేర్చుకోవడానికి టైం ఎక్కడుంది? షిఫ్రిన్ వాళ్ళమ్మానాన్నలు చేసింది దానికి తలకిందులు పని: లిస్టులు వాయిదా వేశారు, పాఠం జరగనిచ్చారు.

దీనికి ఒక ఎదురు వాదన ఉంది, అది నిజమే కాబట్టి నేనే చెప్పేస్తాను. వాళ్ళకి డబ్బుంది. స్కీలు, బూట్లు, సీజన్ పాసులు, బర్క్ లాంటి బోర్డింగ్ స్కూలు... ఆ ఫీజు ప్రైవేటు కాలేజీ ఫీజుకి తీసిపోదు. పరీక్ష వాయిదా వేసుకోగలగడం కూడా ఒక ఆస్తే. మా నాన్నకి ఆ ఆస్తి లేదు, నాకు రెండేళ్ళే టైముంది. అందుకని మా నాన్న తప్పు చేశాడని అనను. షిఫ్రిన్ కష్టపడలేదనీ అనను.

2011 మార్చిలో, పదహారేళ్ళు నిండటానికి రెండు రోజుల ముందు, చెక్ రిపబ్లిక్‌లో తొలి వరల్డ్ కప్ రేసులో దిగింది. తల్లి కోచ్‌లా వెంటే తిరిగేది. 2012 డిసెంబర్‌లో స్వీడన్‌లోని ఓరెలో తొలి గెలుపు. 2013 ఫిబ్రవరిలో, పదిహేడేళ్ళకి, స్లాలంలో ప్రపంచ ఛాంపియన్. అక్కణ్ణుంచి వరసగా నాలుగు ప్రపంచ ఛాంపియన్‌షిప్‌లలో స్లాలం బంగారం ఆమెదే. 2018–19 సీజన్‌లో ఏకంగా 17 రేసులు గెలిచింది. అంతకుముందు రికార్డు స్విట్జర్లాండ్‌కి చెందిన వ్రేని ష్నైడర్‌ది, 14. ఆ ముప్పై ఏళ్ళలో దాన్ని ఎవరూ కదపలేదు.

ఇక సోచి ఒలింపిక్స్. 2014 ఫిబ్రవరి 21 రాత్రి. వయసు పద్దెనిమిది. మొదటి రన్‌లో దాదాపు అర సెకను ఆధిక్యం, స్లాలంలో అది చాలా ఎక్కువ. రెండో రన్‌లో ఆఖర్న దిగింది. సగం దూరం వచ్చాక ఏమైందో చూడండి, వీడియో ఎక్కడైనా దొరుకుతుంది. ఎడమ స్కీ నేలనొదిలి పైకి లేస్తుంది. ఒంటి బరువంతా వెనక్కి పోతుంది. ఒక క్షణం పాటు ఒంటికాలి మీద, కూర్చోబోతున్నట్టు, చేతులు గాల్లో. తర్వాతి గేటు అప్పటికే ముందుంది. ఎలాగో ఆ కాలు మళ్ళీ కిందకి వచ్చింది, మలుపు దొరికింది, ఏమీ జరగనట్టు కిందకి దిగి అర సెకను పైచిలుకు తేడాతో బంగారం గెలిచింది. ఒలింపిక్ స్లాలం గెలిచినవాళ్ళలో ఆమే అందరికన్నా చిన్నది. రజతం ఆస్ట్రియా అమ్మాయి మార్లీస్ షిల్డ్‌ది. చిన్నప్పుడు షిఫ్రిన్ ఎవర్ని చూసి నేర్చుకుందో ఆ షిల్డే.

నాలుగేళ్ళ తర్వాత ప్యోంగ్‌చాంగ్ ఒలింపిక్స్‌లో ఒకరోజు జైంట్ స్లాలంలో బంగారం. గాలుల వల్ల రేసులు వాయిదా పడి, మర్నాడే స్లాలం వచ్చింది. దిగేముందు వాంతి చేసుకుంది. నాలుగో స్థానం. అప్పటికే స్లాలంలో ప్రపంచంలో ఆమెని మించినవాళ్ళు లేరు.

తర్వాత బీజింగ్, 2022. మా తోడల్లుడు తుస్సు అన్న చోటు.

జైంట్ స్లాలంలో దిగిన పది సెకన్లకి అటూ ఇటూగా జారిపడింది. అంతకుముందు నాలుగేళ్ళుగా జైంట్ స్లాలంలో ఒక్కసారి కూడా దారి తప్పని మనిషి. రెండు రోజుల తర్వాత స్లాలంలో అయిదు సెకన్లు. అంతే. అయిదో గేటు దగ్గరికి రాకుండానే పక్కకి జారిపోయింది. స్కీలు విప్పి, కోర్సు పక్కన మంచు మీద మోకాళ్ళ మధ్య తల పెట్టుకుని కూర్చుండిపోయింది. అమెరికా టీవీ కెమెరా ఆమె మీద నుంచి కదల్లేదు. అది చూసి నాకు ఒళ్ళు మండింది. చావు ఇంట్లో గుమ్మం దగ్గర మైకు పట్టుకునే మన ఛానెళ్ళే నయం అనుకోవడం అదే మొదటిసారి. ఆ తర్వాత డౌన్‌హిల్, స్లాలం రెండూ కలిపే కంబైన్డ్‌లో మళ్ళీ స్లాలం రన్‌లోనే బయటికి. వేగమే ముఖ్యమైన సూపర్-జిలో 9వ స్థానం, డౌన్‌హిల్‌లో 18, టీం ఈవెంట్‌లో నాలుగు. ఆరు ఈవెంట్లు, ఒక్క పతకం లేదు. ఇంటర్నెట్‌లో జనం ఏమేం రాశారో ఆమే స్వయంగా బయటపెట్టింది. మన దగ్గర క్రికెట్ ఓడిపోయిన రాత్రి ఆటగాళ్ళ పేజీల కింద కనిపించే భాషే. భాష మారినా బూతు ఒకటే.

దీన్ని రెండేళ్ళ ముందు జరిగిన ఒక విషయంతో కలిపి చాలామంది మాట్లాడారు. 2020 ఫిబ్రవరి 2న తండ్రి జెఫ్ ఇంట్లో జరిగిన ప్రమాదం వల్ల చనిపోయారు. షిఫ్రిన్ యూరప్ నుంచి పరుగున వెళ్ళింది. తర్వాత చాలాకాలం రేసులకి రాలేదు, వద్దామనుకునేసరికి కరోనా. ఆ దుఃఖమే బీజింగ్‌లో బయటపడిందని కొందరు, ఒత్తిడి అని కొందరు, కృత్రిమ మంచు అని కొందరు. నేను ఎవరితోనూ కలవను. అయిదు సెకన్లకి కారణం వెతకడమే అనవసరం అంటాను. ఎందుకంటే కారణం వెతికిన ప్రతివాళ్ళూ ముందే ఒకటి ఒప్పేసుకున్నారు: ఆ అయిదు సెకన్లలో ఆమె గురించి ఏదో పెద్ద నిజం దాక్కుని ఉందని.

లేదు. ఉంటే సోచిలో కూడా ఉండాలి కదా? నా వాదన అంతా ఇదే. సోచిలో గాల్లోకి లేచిన స్కీ కిందకి వచ్చింది, బీజింగ్‌లో జారిన స్కీ రాలేదు. మొదటిదాన్ని గుండె ధైర్యం అని, రెండోదాన్ని పిరికితనం అని పిలవడం ఎలా కుదురుతుంది? బీజింగ్ సున్నా లెక్కలోకి వస్తే సోచి బంగారంలో కూడా సగం అదృష్టానికి రాసివ్వాలి. ఒలింపిక్ పతకాన్ని పక్కన పెట్టమంటే మనకి చెయ్యి రాదు, ఒలింపిక్ సున్నాని మాత్రం మెడకి కట్టి ఊరేగిస్తాం.

"మరి పెద్ద రోజున నిలబడటమే కదా ఛాంపియన్ లక్షణం" అన్నాడు కారులో తోడల్లుడు. ఇది కొట్టిపారేసే మాట కాదు. ఆ బీజింగ్ స్లాలంలోనే స్లొవాకియా అమ్మాయి పెట్రా వ్లోవా మొదటి రన్‌లో ఎనిమిదో స్థానంలో ఉండి, రెండో రన్‌లో దుమ్ము దులిపి బంగారం తీసుకుపోయింది. అది గొప్ప విషయమే, ఆ గెలుపులో నేను చిల్లిగవ్వ కూడా తగ్గించను. కానీ పెద్ద రోజు అంటే ఏది? కిల్లింగ్టన్‌లో పైన కూర్చుని ఎదురుచూసినప్పుడు అది పెద్ద రోజు కాదా? ఓరెలో 2019 ప్రపంచ ఛాంపియన్‌షిప్ స్లాలంలో ఊపిరితిత్తుల ఇన్‌ఫెక్షన్‌తో దగ్గుతూ దిగి గెలిచింది. అది పెద్ద రోజో, మామూలు రోజో ఎవరు చెప్పాలి? టీవీ వాళ్ళా?

వరల్డ్ కప్ అంటే అక్టోబర్ నుంచి మార్చి దాకా వారం వారం. ఇవాళ ఫిన్లండ్, వచ్చే వారం ఆస్ట్రియా. గెలిస్తే 100 పాయింట్లు, రెండో స్థానానికి 80, మూడుకి 60, అలా 30వ స్థానానికి ఒక్కటి దాకా. చివర్లో అన్నీ కలిపి ఎవరికి ఎక్కువుంటే వాళ్ళకి గాజు గోళం. కిల్లింగ్టన్ నాటికి అది ఆమె అయిదుసార్లు తీసుకుంది. బీజింగ్ నుంచి వచ్చిన నెల రోజులకి, అందరూ పని అయిపోయిందనుకున్న సమయంలో, ఫ్రాన్స్‌లో డౌన్‌హిల్ గెలిచి తీసుకున్నది వాటిలో నాలుగోది. డౌన్‌హిల్ ఆమె సొంత ఆట కూడా కాదు. గంటకి 120 కిలోమీటర్లు దాటే వేగం అది, స్లాలంతో పోలిస్తే వేరే ఆట.

గాజు గోళం ఇచ్చే పద్ధతిలో ఓటములు కూడా కలుస్తాయి, నాకు నచ్చేది అదే. 100 గెలుపులంటే దిగిన రేసుల్లో సుమారు మూడింట ఒక వంతు. అంటే ఈ ఆట చరిత్రలో అందరికన్నా ఎక్కువ గెలిచిన మనిషి కూడా మూడింట రెండు వంతులు ఓడిపోయింది. నాలుగేళ్ళకి ఒకసారి వచ్చే రెండు వారాల్లో ఆ రెండు వంతుల్లో కొన్ని పడ్డాయి. ఆశ్చర్యపోవాల్సింది అక్కడ కాదు.

ఇంగెమార్ స్టెన్‌మార్క్ గురించి ఒక మాట చెప్పకపోతే అన్యాయం అవుతుంది. స్వీడన్ మనిషి, 86 గెలుపులు, అన్నీ స్లాలం, జైంట్ స్లాలంలోనే. 1989 నుంచి ఆ అంకె అలాగే ఉంది. 2023 నాటికి ఆడవాళ్ళలో లిండ్సే వాన్ 82 దాకా వచ్చింది. 2023 జనవరిలో షిఫ్రిన్ ఆమెని దాటింది, మార్చి 10న స్టెన్‌మార్క్‌ని అందుకుంది, మర్నాడే దాటేసింది. ఎక్కడ? స్టెన్‌మార్క్ సొంత దేశంలో, తన తొలి గెలుపు వచ్చిన అదే ఓరెలో. కాలాలు వేరు, రేసులు వేరు, మగవాళ్ళ కొండ వేరు ఆడవాళ్ళ కొండ వేరు కాబట్టి ఎవరు గొప్ప అనే పందెం నేను కాయను. కానీ షిఫ్రిన్‌కి చిన్నప్పుడు ఒక స్కీ క్రీడాకారిణి ఆటోగ్రాఫ్ ఇస్తూ "ఎప్పుడూ మగపిల్లలకన్నా వేగంగా ఉండు" అని రాసిందట. ఆ మాటలోని మొదటి అక్షరాలు షిఫ్రిన్ హెల్మెట్ మీద ఉండేవి. ఓరె రేసు చూశాక మా అమ్మాయి వాటిని తన హెల్మెట్ మీద మార్కర్‌తో రాసుకుంది. ఒక అక్షరం తప్పు పడింది, దిద్దుతానంటే ఒప్పుకోలేదు.

కిల్లింగ్టన్ తర్వాతి సంగతి. పొట్ట పక్కన ఏదో గుచ్చుకుని లోతైన గాయం అయింది, పక్క కండరాలు చిరిగాయి. డిసెంబర్‌లో ఆపరేషన్. 2025 జనవరి 30న ఫ్రాన్స్‌లో స్లాలంతో తిరిగి వచ్చింది, పదో స్థానం. ఫిబ్రవరిలో ఆస్ట్రియాలో ప్రపంచ ఛాంపియన్‌షిప్. జైంట్ స్లాలంలో డిఫెండింగ్ ఛాంపియన్ ఆమే, అయినా దిగలేదు. భయం అని దాచకుండా చెప్పింది. పడిన దృశ్యం కళ్ళముందు తిరుగుతోందని, ఒంటికి తెలిసిన పని మనసు చెయ్యనివ్వడం లేదని. మరి అదే ఛాంపియన్‌షిప్‌లో టీం కంబైన్డ్‌లో బ్రీజీ జాన్సన్ డౌన్‌హిల్ దిగితే ఈమె స్లాలం దిగి ఇద్దరూ కలిసి బంగారం గెలిచారు. ప్రపంచ ఛాంపియన్‌షిప్‌లలో అది ఆమె 15వ పతకం. 1930ల్లో జర్మనీకి చెందిన క్రిస్టల్ క్రాంజ్ పెట్టిన రికార్డుతో సమానం.

ఆ తర్వాతి వారాంతం ఇటలీలో సెస్ట్రియేర్. శనివారం జైంట్ స్లాలం. దిగింది. మొదటి 30లో కూడా రాలేదు. అంటే రెండో రన్ లేనట్టే. 99 రేసులు గెలిచిన మనిషి, బ్యాగు సర్దుకుని మధ్యాహ్నానికే గదికి వెళ్ళిపోవాలి. గేట్ల మధ్య ఆమె నడుము వెనక్కి వెనక్కి పోవడం మా అమ్మాయి కూడా పట్టేసింది. "పిజ్జా వేస్తోంది నాన్నా" అంది. కొత్తగా నేర్చుకునే పిల్లలకి ఇక్కడ స్కీ ముక్కులు దగ్గర పెట్టి ఆగడాన్ని పిజ్జా అని, వదిలేసి జారడాన్ని ఫ్రెంచ్ ఫ్రైస్ అని నేర్పుతారు. షిఫ్రిన్ పిజ్జా ఏమీ వెయ్యలేదు, కానీ పిల్ల చెప్పింది నాకు అర్థమైంది.

ఆదివారం, ఫిబ్రవరి 23, స్లాలం. రెండో రన్ మాకు పొద్దున ఏడున్నరకి. ఇంట్లో వాళ్ళు లేవకుండా సౌండు తగ్గించి, కాఫీ పెట్టుకుని కూర్చున్నాను. మొదటి రన్‌లో మళ్ళీ ఆమే ఫస్టు, అంటే మళ్ళీ ఆఖర్న దిగాలి, మళ్ళీ ఆ ఎదురుచూపే. రెండో స్థానంలో ఉన్న క్రొయేషియా అమ్మాయి జ్రింకా ల్యూటిచ్ కిల్లింగ్టన్‌లో కూడా రెండోదే. షిఫ్రిన్ దిగింది. నేను గేట్లు లెక్కపెట్టడం మొదలుపెట్టి ఇరవై దగ్గర మర్చిపోయాను. కింద గీత దాటింది, స్క్రీన్ మీద పచ్చ రంగు వెలిగింది. ఆమె ముఖం చేతుల్లో పెట్టుకుని మంచు మీదకి వంగిపోయింది. మా అమ్మాయి ఎప్పుడు లేచి వచ్చి వెనక నిలబడిందో చూడలేదు, దుప్పటి కప్పుకునే ఉంది.

తోడల్లుడికి ఫోటో పంపాను. పదినిమిషాల తర్వాత జవాబు వచ్చింది: "వంద అయ్యాయా! సూపర్ అన్నయ్యా. మరి ఒలింపిక్స్ ఎప్పుడు?"

వచ్చే ఫిబ్రవరి అని చెప్పాను. అదీ ఇటలీలోనే అని కూడా చెప్పాను. ఈసారి రేసు చూడ్డానికి మా ఇంటికే వస్తానన్నాడు.